ఆకు చెప్పిన ఆనవాలు

పూచిన పొదను గుర్తించుటకు పాండిత్యముతో పని లేదు. వానలు వెనుకపట్టిన పిమ్మట నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు దారిలో తంగేడు పసుపుముద్దలై విరియబూచినప్పుడు బస్సు కిటికీ చెంత కూర్చున్న పసిబిడ్డ సైతము దానిని వేలితో చూపును. గుడిప్రాకారము మీదుగా గన్నేరు గులాబిరంగు గుత్తులతో తొంగిచూచినప్పుడు దాని పేరు అడుగువారుండరు. అయితే పూత యనునది పెక్కు పొదలకు సంవత్సరమున కొన్ని వారముల ముచ్చట. తక్కిన మాసములన్నియు పొద కేవలము ఆకులతో నిలిచియుండును. ఆ కాలమున దాని ఊరు పేరు చెప్పగలవారు మన పేటలలో నానాటికి తగ్గుచున్నారు. ఇది నాకు కేవలము వినోదవిషయముగా తోచుట లేదు. ఇంటిగోడ ప్రక్కన పెరుగు పొద మందో, విషమో, మేతయో తెలియకుండ ఏండ్ల తరబడి దానితో కాపురముండుట మన పెద్దలు ఎరుగని స్థితి.

శాస్త్రజ్ఞులు కూడ ఈ విషయమున పువ్వునకే పెద్దపీట వేసిరి. 1753లో స్వీడను దేశపు లినేయసు తన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ గ్రంథమును వెలువరించి, కేసరముల లెక్కను, కీలముల లెక్కను బట్టి మొక్కలను తరగతులుగా ఏర్పరచినది మొదలు, ఆకు సాక్షిగా నిలిచినదే గాని తీర్పరి కాలేదు. మన చెన్నరాజధాని మొక్కలకు ప్రామాణికమైన గ్యాంబిల్ గ్రంథము, 1915లో ఆరంభమై, ఆయన మరణించిన పిమ్మట ఫిషర్ చేతులమీదుగా 1936లో ముగిసినది; దానిని తెరచినచో తొలి ప్రశ్నలలో పెక్కు పువ్వును గూర్చి, అండాశయమును గూర్చి. చేతిలో ఆకు మాత్రమే గలవాడు ఆ వాకిట నిలిచి తిరిగిపోవలసినదే. ఆకును ఆకుగా చదువు విద్యను శ్రద్ధతో పెంచినవారు శిలాజములతో పనిచేయు పండితులు. వారికి రాతిలో పువ్వు దొరకుట అరుదు, ఆకుముద్రలే దొరకును గదా. 1861లో ఆస్ట్రియా దేశీయుడగు ఎటింగ్‌షౌసెన్ ఈనెల అల్లికలకు పేర్లు పెట్టెను. 1973లో అమెరికాలో లియో హికీ ఆ పద్ధతిని సరిదిద్ది, ఆకు నిర్మాణమునకు ఒక వ్యాకరణము వంటిదానిని కూర్చెను.

మన ఇండ్లలో మాత్రము ఆకుచదువు ఏటేట ఒకనాడు తప్పక సాగెడిది. వినాయకచవితినాడు ఇరువదియొక్క పత్రులతో పూజ. పురోహితుని నోట సంస్కృతనామము వెలువడినంతనే పళ్లెరములోనుండి ఆ ఆకును ఏరి అందించు పని ఇంటిపిల్లలది. అక్కడ పువ్వు లేదు, కాయ లేదు. ఉన్నది ఆకు మాత్రమే. బదరీపత్రమనగా రేగు: ఆకడుగున తెల్లని నూగు, మొదటనే చీలిన మూడు ఈనెలు, కణుపున రెండు ముళ్లు, వానిలో ఒకటి నిటారు, ఒకటి కొక్కెము. సింధువారమనగా వావిలి: నలుపలకల లేతకొమ్మ, అరచేతివలె విచ్చిన మూడో అయిదో ఆకులు, అడుగు బూడిదతెలుపు, నలిపినచో ఘాటైన వాసన. అర్జునపత్రమనగా మద్ది: ఆకు మొదట తొడిమ కలియుచోట వ్రేలికి తగులు రెండు చిన్న బుడిపెలు. మారేడును వెలుగునకెత్తి చూచినచో ఆకంతట సూదిపోట్లవంటి వెలుగుచుక్కలు, అవి తైలకోశములు. ఈ ఆనవాళ్లను ఎవరును పుస్తకములో వ్రాసి బోధింపలేదు. అమ్మమ్మ చేయి పట్టుకొని చెరువుగట్టున తిరిగిన పిల్లలకు అవి చేతివ్రేళ్ల ద్వారా పట్టుబడినవి. నేడు చవితినాటి బజారులో కట్టగా కట్టి అమ్ము పత్రిలో ఏ కొమ్మ ఏ చెట్టుదో అడుగువారు లేరు, చెప్పువారు అంతకన్న లేరు. పూజ మిగిలినది, దానిలోని చదువు జారిపోయినది. ఈ నష్టమును మనము ఇంకను నష్టముగా లెక్కించుట లేదు.

ఈ భాద్రపదమున నంద్యాలలో నాకు తెలిసిన ఒక ఇంటికి పోయినప్పుడు పెరటిలోని పొదనొకదానిని చూపి పేరు చెప్పుమని అడిగిరి. నిలువెత్తు పొద, మొదలు నరికిన చోటనుండి పదిపదునైదు కొమ్మలు చిమ్మినది. ఇరుగింటివారు దానిని నందివర్ధనమనుచున్నారు. వీధిలోని మాస్టరుగారు గంధరాజమనిరట. పాలు పోయువాడు పాలచెట్టని తేల్చి వెళ్లెనట. ఇంటి పెద్దావిడ మాత్రము నిజము చెప్పినది: “అది మేం నాటింది కాదు నాయనా. గోడ పక్కన దానంతట అదే మొలిచింది. కరెంటు తీగలకు తగులుతుందని ఏటా కొట్టిస్తాం. పూతకు వచ్చేదాకా ఎన్నడూ ఉంచలేదు.” పూలు లేని చెట్టునకు మూడు పేర్లు, మూడింటిలో ఏది నిజమో ఆకే చెప్పవలెను.

ఆకును చదువబోవువాడు మొదట ఆకును విడిచి కొమ్మను చూడవలెను. చాలమంది చేయు పొరపాటు ఇచ్చటనే కలదు: ఒక ఆకును త్రుంచి అరచేతిలో నుంచుకొని, పొడవా పొట్టియా, కోలయా గుండ్రమా యని విచారింతురు. ఆకు రూపమంత చపలమైనది మరియొకటి లేదు. నీడలోని ఆకు వెడల్పగును, ఎండలోనిది కుంచించుకొనును. నరికిన మోడునుండి పుట్టిన చిగురుల ఆకులు తల్లికొమ్మ ఆకులకంటె రెట్టింపు పెరుగును. చపలము కానిది ఆకు కొమ్మపై కూర్చున్న తీరు. ఒక్కొక్క కణుపున ఒక్కొక్క ఆకు చొప్పున అటొకటి ఇటొకటి వచ్చునా, ఒకే కణుపున రెండాకులు ఎదురెదురుగ నిలుచునా, మూడు నాలుగు కలిసి చుట్టును వలయము కట్టునా? పచ్చగన్నేరు ఆకులు కొమ్మ చుట్టును మెలిక తిరిగి ఒంటొంటిగ వచ్చును. ఎర్రగన్నేరు ఆకులు సాధారణముగ మూడేసి వలయముగ నిలుచును. పూలు రాలిన నాడు ఈ రెండింటిని వేరుచేయుటకు ఇంతకుమించిన సాక్ష్యము అక్కరలేదు. మన పెరటిపొదకు ఆకులు కణుపునకు రెండు, ఎదురెదురు.

రెండవ ప్రశ్న, మనము ఆకు అనుకొనుచున్నది నిజముగ ఆకేనా, పెద్ద ఆకులోని చిన్న రేకా యన్నది. తంగేటి రెమ్మను చేతబట్టి చూడుడు. ఈనెకు ఇరువైపుల వరుసతీరిన ఆ చిన్న పలుకులు ఒక్కొక్కటి ఆకువలెనే యుండును. కాని వాని మొదట మొగ్గ యుండదు. మొగ్గ ఆ రెమ్మ కొమ్మతో కలియుచోట నుండును. కావున ఆ రెమ్మ యంతయు ఒక్క ఆకు. ఇంకను నిదానించి చూచినచో జత జతకు నడుమ ఈనెపై నిక్కి నిలిచిన సన్నని గ్రంథి యొకటి కనబడును. రెమ్మ మొదట చెవితమ్మెవంటి వెడల్పైన ఆకుపచ్చని రేకులు రెండు కొమ్మనంటియుండును. ఈ రెండు గురుతులున్నంత కాలము తంగేడు పూయకున్నను దాని పేరు దాగదు. కరివేపాకును ఇట్లే చదువవలెను: అదియు రెమ్మయంతయు ఒక్క ఆకు, వెలుగునకెత్తిన మారేడుకు కనబడు చుక్కలే దీనికిని కనబడును, రెండును ఒకే కుటుంబము. ఈ సందర్భమున ఒక మాట చెప్పక విడువలేను. కరివేపచెట్టు శాస్త్రనామములోని ‘కోనిగై’ యన్న పదము యోహాన్ కోనిగ్ అను వైద్యుని పేర వచ్చినది. తరంగంబాడిలో కొలువునకు వచ్చి దక్షిణదేశపు మొక్కలను వెదకివెదకి సేకరించిన ఆ మహాశయుడు 1785లో మన కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురముననే కన్నుమూసెను. మనము దినదినము పోపులో వేయు ఆకు ఆయన స్మారకమని ఎందరెరుగుదురు?

పెరటిపొద ఆకు రెమ్మ కాదు, ఒంటి ఆకే. ప్రతి ఆకు మొదటను మొగ్గ కలదు. మూడవది కణుపు పరీక్ష. ఎదురెదురు ఆకుల రెండు తొడిమల నడుమ, కొమ్మనంటుకొని, ముక్కోణపు చిన్న రేకు ఉన్నచో అది గంధరాజము, నూరువరహాలు, కాఫీ చేరు కుటుంబమునకు ముద్ర వంటిది. దానిని చూచుటకు భూతద్దమున్న మంచిది; లేకున్న గోటితో తడవి తెలిసికొనవచ్చును. ఇచ్చట గోటికి ఏమియు తగులలేదు. మాస్టరుగారి గంధరాజము తొలగిపోయినది.

పిమ్మట ఆకును తొడిమ దగ్గర విరిచితిని. తెల్లని పాలు బొట్టుగా ఉబికి, క్షణములో రేఖగా జారి, ఆరిన తరువాత వ్రేలికి జిగురై అంటుకొన్నవి. ఎదురెదురు ఒంటి ఆకులు, తొడిమల నడుమ రేకు లేమి, తెల్లని పాలు: ఈ మూడు గుర్తులు కలిసినచో ఈ సీమలో వెదుకవలసిన వంశము ఇంచుమించు ఒక్కటే, గన్నేరు వంశము. నందివర్ధనము ఆ వంశముదే. కలే పొద ఆ వంశముదే. పల్లెపల్లెకు తెలిసిన జిల్లేడు ఆ వంశమున చేర్చబడినదే. పాలుపోయువాని మాటలో సత్యము కొంత ఉన్నది.

ఆకును విరుచువాడు ఇచ్చట ఆగి చేతులు కడుగుకొనవలెను. ఏ పరీక్షలోను ఆకును నోటబెట్టరాదు. గన్నేరు సర్వాంగములందును గుండెను స్తంభింపజేయు విషము కలదు. పచ్చగన్నేరు గింజలో మరింత కలదు. ఎండుగడ్డిలో కలిసిన కొలది గన్నేరాకు పశువును పడవేయగలదు. 2024 మే నెలలో కేరళమున ఒక యువతి గన్నేరు నమలుటచే మరణించియుండునన్న అనుమానము కలుగగా, తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు తమ ఆలయములలో ఆ పూలను నైవేద్యప్రసాదములనుండి తొలగించినవి. చవితిపత్రిలోని కరవీరము ఈ గన్నేరే. దేవుని పూజకు పనికివచ్చు ఆకు దూడ మేతకు పనికిరాదని, పిల్లల నోటికి అంతకన్న పనికిరాదని పెద్దలు వేరువేరుగ చెప్పి పెంచిరి. ఆ చెప్పువారు లేని యింట గన్నేరు కేవలము అందమైన కంచెయై నిలిచినది.

ఇక మిగిలినవారిని ఒక్కొక్కరిని విచారింతము. జిల్లేటి ఆకు దళసరి, తొడిమ లేనట్లే కొమ్మను కౌగిలించుకొనును, అడుగున పిండి చల్లినట్లుండును. ఇది అది కాదు. కలే పొదకు కణుపున చీలిన ముళ్లుండును. దీనికి ముల్లు లేదు. నందివర్ధనపు ఆకు ముదురుపచ్చ, నూనె రాచినట్టి నిగనిగ, అంచున మెల్లని అల, తరచుగ ఒకే జతలో ఒక ఆకు పెద్దది, రెండవది చిన్నది. అది ఏడాదిపొడుగున ఆకు విడువనిది. పెరటిపొద ఆకు పలుచన, నిగనిగ లేనిది, కొన సన్నగ సాగినది, తొడిమ కురుచ. జతలో రెండును సమానము. పైగా వేసవిలో అది మోడువలె నిలుచునని పెద్దావిడ చెప్పినది. ఆకు రాల్చు గుణమును అడిగి తెలిసికొనుట ఆకును చూచుటకంటె తక్కువ విలువ గలది కాదు. పొదతో ఏడాదిపొడుగున కలిసియున్నవారి మాట ఏ గ్రంథమునందును దొరకదు.

ఇంత వడపోసిన పిమ్మట రెండు పేర్లు మిగిలినవి: కొడిసె, రెప్పాల. ఈ రెంటినడుమ తికమక నేటిది కాదు. కొడిసె యనగా సంస్కృతమున కుటజము. దాని బెరడు రక్తవిరేచనములకు ఆయుర్వేదమున పేరుపొందిన మందు, చేదైన దాని గింజలే ఇంద్రయవలు. రెప్పాలను కొందరు పాలకొడిసె యనియు పిలుతురు; ఆ పేరు చాటుననే దాని బెరడు అంగళ్లలో కుటజముగ చెల్లుబాటగుచు, మందు పనిచేయలేదన్న అపవాదును వైద్యునికి తెచ్చిపెట్టుచున్నది. కొడిసె ఆకు పెద్దది, వెడల్పు, ఈనెలు ఉబ్బి బలిసియుండును. రెప్పాలది సన్ననిది, కొనదేరినది. అయినను నరికిన మోడునుండి పుట్టిన ఆకులలో ఈ భేదమును గట్టిగ నమ్మరాదని ముందే చెప్పితిని.

అట్టిచోట ఆకుయొక్క రూపమును విడిచి గుణమును అడుగవలెను. రెప్పాల ఆకులో నీలి కలదు. పద్దెనిమిదవ శతాబ్దాంతమున సామర్లకోటలో తోట వేసి, మన తీరపు మొక్కలను స్థానిక చిత్రకారులచేత గీయించి, తెలుగుపేర్లతో సహా లోకమునకు తెలిపిన విలియం రాక్స్‌బరో ఈ చెట్టు ఆకులనుండి నీలిమందు తీయవచ్చునని కనుగొని, అద్దకపు గన్నేరు అను అర్థము వచ్చునట్లు నీరియం టింక్టోరియం అని దానికి పేరిడెను. అనంతరము రాబర్ట్ బ్రౌన్ దానిని రైటియా యను జాతికి మార్చినను టింక్టోరియా యన్న మాట మాత్రము నిలిచియే యున్నది. తమిళదేశపు సిద్ధవైద్యులు ఈ ఆకులనే కొబ్బరినూనెలో వేసి ఎండబెట్టి, ఆ నూనెను చర్మరోగములకు, ముఖ్యముగ సొరియాసిస్‌కు వాడుదురు. ఎండకు ఆ నూనె ఊదారంగునకు తిరుగును. నంద్యాలలో ఎండకు కొదువ యేమి? ఒక గాజుసీసాలో కొబ్బరినూనె పోసి, తడి లేని ఆకులను త్రుంచివేసి, డాబామీద ఉంచుమని చెప్పి వచ్చితిని. కొలది దినములకు ఇంటివారు ఫోనులో సీసా బొమ్మ పంపిరి: అంచున వంకాయరంగు, అడుగున ఇంచుమించు నలుపు. రెప్పాలయే.

ఈ రెప్పాల పరదేశి కాదు. నంద్యాలకు తూర్పున గోడవలె నిలిచిన నల్లమలలో, గిద్దలూరు పోవు రైలుదారి కిరువైపుల, మహానంది మీది కొండచరియలలో, ఆళ్లగడ్డ దాటి రుద్రవరము, అహోబిలము అడవులలో ఇది సామాన్యమైన చెట్టు. దాని కాయ పగిలినప్పుడు గింజలు పట్టుకుచ్చులతో గాలికెగురును. అట్టి గింజయే ఏదో ఒకటి పెరటిగోడ చేరినదనుకొనుట సమంజసము. కోస్తావారు దీనినే అంకుడందురు. వరాహనది యొడ్డున ఏటికొప్పాక చేతిపనివారు లక్కబొమ్మలను చిత్రిక పట్టునది ఈ కర్రనే. తన పెరటిలో ఏటేట నరికి పొయ్యి పాలుచేయు చెట్టు, మరియొక జిల్లాలో ఒక ఊరికి కూడుపెట్టుచున్నదని విని పెద్దావిడ చాలసేపు ఆ కొమ్మలవైపు చూచుచుండెను.

నల్లమల ఆకులను మనకంటె బాగుగ చదివినవారు అక్కడి చెంచులు. అహోబిలమున నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని ఇక్కడి వాడుక. ఆ అడవిబిడ్డల జీవనమునందు ఆకుల ఎరుక అలంకారము గాక అన్నమే. 1943లో వెలువడిన, మానవశాస్త్రజ్ఞుడగు హైమెండార్ఫ్ గ్రంథము చెంచుల ఆహారములో అడవిగడ్డలకు గల ముఖ్యస్థానమును విపులముగ చూపినది. గడ్డ భూమిలో దాగియుండును, పైకి కనబడునది తీగ, దాని ఆకు. ఒక తీగకు హృదయాకారపు ఆకులు ఒంటొంటిగ, ఒక తీగకు ఎదురెదురుగ, ఒక తీగకు అయిదు రేకులుగ చీలియుండును. కొన్ని గడ్డలు కాల్చుకొని తినదగినవి, కొన్ని పలుమారులు ఉడికించి కడిగిన గాని మింగరానివి. ఆకులు ఎదురెదురో కావో చూచుట ఆ ఆకలివేళ ఎంత ఘనమైన శాస్త్రమో మనము ఊహింపవచ్చును. 1915లో లషింగ్టన్ అను అటవీశాఖాధికారి చెన్నరాజధానిలోని చెట్లకు, పొదలకు, తీగలకు దేశభాషలలోని పేర్లన్నింటిని సంపుటములుగ సేకరించెను. ఎల్లిస్ రచించిన నల్లమల వృక్షసంపద గ్రంథము 1987లోను 1990లోను రెండు భాగములుగ వెలువడినది. కాగితముపై పేర్లు భద్రముగ నున్నవి. ఆ పేరును ఆకునకు కలుపు మనుష్యుడే కరువగుచున్నాడు.

నేటి చరవాణిలోని యంత్రములు ఆ లోటును కొంత తీర్చగలవు. నేను వానిని నిరసింపను. ప్లాంట్‌నెట్ వంటివానికి లక్షలకొలది చిత్రముల పరిచయము కలదు. కాని మనవారు ఒక ఆకును త్రుంచి, నేలపై పరచి, దాని ముఖము మాత్రము చిత్రించి పంపుదురు; ఆకు వెనుకను, కణుపును, రెండాకుల ఎదురును చూడని యంత్రము నందివర్ధనమన్నను గంధరాజమన్నను తప్పు దానిది కాదు. చిత్రము తీయువారు రెండు మూడు కణుపులున్న కొమ్మను తీయవలెను. ఒకసారి పైవైపు, ఒకసారి అడుగు, ఒకసారి కణుపు దగ్గరగా. ఇంతకు మించి తేలకున్నచో జానెడు కొమ్మను పాత దినపత్రికల నడుమ పరచి, బరువు పెట్టి, కాగితములను దినదినము మార్చుచు ఎండబెట్టవలెను; ఊరు, తేది, పొద ఎత్తు, పాలు వచ్చునా లేదా, వాసన ఎట్టిది, ఆకు ఎప్పుడు రాలును అన్నవి చీటీపై వ్రాసి జతపరచవలెను, ఎండిన ఆకులో ఇవి కనబడవు గనుక. అట్టి నమూనాను మహానంది వ్యవసాయకళాశాలలోనో, అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రశాఖలోనో తెలిసినవారికి చూపవచ్చును. 1906నాటినుండి పరిశోధనక్షేత్రమున్న నంద్యాలలో ఒక ఆకును చదువగలవారు దొరకకపోరు.

పెరటిపొద విషయమున ఇంకొక సాక్ష్యము మిగిలియున్నది. తీగలవైపు పోవు కొమ్మలను మాత్రము కొట్టించి, పెరటివైపు రెండు కొమ్మలను వచ్చే వేసవి గడచునంతవరకు విడువుడని ఆ యింటివారిని కోరితిని, వారు సమ్మతించిరి. ఎండలు ముదురువేళ తెల్లనిపూలు పూయును. పూవు నడుమ కుచ్చువంటి అంచు కనబడవలెను. పిదప సన్నని పొడుగాటి కాయలు జంటలుగ వ్రేలాడును. లేతనాడు ఆ జంటకాయల కొనలు రెండును ఒకదానికొకటి అంటుకొనియున్నచో అది రెప్పాల, మొదటినుండియు విడివిడిగనున్నచో కొడిసె.